ఆట యొక్కటే, అలవాట్లు వేఱు

ఒకే విత్తనమును నల్లరేగడిలోను, ఇసుక నేలలోను చల్లినచో పైరు ఒక్క తీరున పెరుగదు. కంప్యూటరు ఆటల సంగతియు ఇట్టిదే. దూరముగా నున్నవారు ఇంటర్నెట్టు ద్వారా కలిసి ఆడు ఆటలు దక్షిణ కొరియాలో ఒక రీతిగను, అమెరికా, ఐరోపాలలో మఱియొక రీతిగను వ్యాపించినవి. సింగరేణి బొగ్గు ప్రాంతమైన రామగుండము, గోదావరిఖనిలకు అవి మూడవ మార్గమున వచ్చినవి. ఈ భేదములకు ఆయా జాతుల స్వభావమే కారణమని పలువురు తలంతురు. కాని పరిశీలించినచో ఇండ్లు, ధరలు, తంతులు, చట్టములు అను సామాన్య విషయములే కారణములుగా కనబడును.

పాశ్చాత్య దేశములు

అమెరికాలో 1977లో అటారీ కంపెనీ టెలివిజనునకు తగిలించు ఆటపెట్టెను అమ్మజూపెను. 1985లో జపాను దేశపు నింటెండో పెట్టె అచ్చటి ఇండ్లలో ప్రవేశించెను. ఆట అనగా దుకాణములో ఒక్కసారి కొని, ఇంటి హాలులో టెలివిజను ముందు కూర్చుండి, ఒంటరిగానో తోబుట్టువులతోనో ఆడుకొనునది అను భావము అక్కడ ఒక తరము పాటు స్థిరపడెను. 2002లో మైక్రోసాఫ్టు కంపెనీ తన పెట్టెకు ఇంటర్నెట్టు సేవను చేర్చిన తరువాతను ఆడువాడు ఇంటిలోనే యుండెను. దూరపు మిత్రుని కంఠము మాత్రము చెవిలో వినబడసాగెను.

కొరియా

కొరియాలో జపాను సాంస్కృతిక వస్తువులపై చిరకాలము ఆంక్షలుండెను. అవి 1998 నుండి క్రమముగా సడలినవి. అందుచే జపాను ఆటపెట్టెలు అక్కడ బలముగా నాటుకొనలేదు. 1997లో గొప్ప ఆర్థిక సంక్షోభము వచ్చి అనేకులు ఉద్యోగములు కోల్పోయిరి. అట్టివారిలో కొందరు ఉన్న ధనముతో కంప్యూటరు గదులను తెఱచిరి. వీనికి ‘పీసీ బాంగ్’ అని పేరు. కొరియా భాషలో ‘బాంగ్’ అనగా గది. గంటకు స్వల్పమైన రుసుము చెల్లించి ఎవరైనను ఆడవచ్చును. ప్రభుత్వము అదే కాలమున వేగముగల ఇంటర్నెట్టును దేశమంతట విస్తరింపజేసెను. 2001 నాటికి ఇట్టి గదులు ఇరువది వేలకు మించెను.

1998లో అమెరికా కంపెనీ యగు బ్లిజార్డు ‘స్టార్‌క్రాఫ్ట్’ అను ఆటను విడుదల చేసెను. పుట్టినది అమెరికాలోనైనను దానికి పట్టము కట్టినది కొరియా. మిత్రులు బడి విడిచిన పిదప గదిలో ప్రక్క ప్రక్కన కూర్చుండి ఆడిరి. వెనుక నిలిచి చూచువారు ఏర్పడిరి. 2000లో ఆటల కొఱకే ఒక టెలివిజను ఛానెలును, ఆటగాండ్ర పోటీలను నియమించు సంఘమును వెలసినవి. ఇట్లు ఆడుట యనగా నలుగురిలో చేయు పని అయ్యెను.

అమ్మకపు పద్ధతియు మారెను. పెట్టెలో అమ్మిన ఆటను నకలు తీయుట సులభము. ఆట కంపెనీవారి కంప్యూటరులోనే నడచునప్పుడు నకలుతో పని జరుగదు. కావున కొరియా కంపెనీలు నెలసరి రుసుము పుచ్చుకొనుటయో, ఆటను ఉచితముగా నిచ్చి అందలి వస్తువులను అమ్ముటయో ప్రారంభించినవి.

దూరము, వేగము

దీనికి తోడు భూగోళమును సహకరించెను. దక్షిణ కొరియా విస్తీర్ణము సుమారు ఒక లక్ష చదరపు కిలోమీటర్లు. తెలంగాణ 1,12,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఆ దేశము మన రాష్ట్రము కంటె చిన్నది.

గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. సియోలు నుండి బూసానునకు దూరము దాదాపు 325 కిలోమీటర్లు. సంకేతము పోయి వచ్చుటకు 650 కిలోమీటర్లు; పట్టు కాలము సెకనులో వెయ్యవ వంతులు మూడింటికి కొంచెము పైన. న్యూయార్కు నుండి లాస్ ఏంజిల్సునకు దాదాపు 4,000 కిలోమీటర్లు. అచ్చట 40 వంతులు పట్టును. గోదావరిఖని నుండి ముంబాయికి 700 కిలోమీటర్లు, ఏడు వంతులు. సియోలుకు 5,000 కిలోమీటర్లు, 50 వంతులు. ఇవి కనీసపు లెక్కలు. తంతి తిన్నగా పోదు, మధ్య యంత్రములును కాలము తీసికొనును గనుక వాస్తవమున ఇంకను ఎక్కువ యగును. వేగముగా తలపడు ఆటలో ఈ ఆలస్యమే గెలుపోటములను నిర్ణయింపవచ్చును. ఈ లెక్కను తరగతిలో పటము, స్కేలు సాయమున విద్యార్థులచే చేయింపవచ్చును.

బొగ్గు ప్రాంతము

గోదావరిఖనికి ఆట హాలులోని టెలివిజను ద్వారా రాలేదు; గంటల లెక్కన అద్దెకిచ్చు గది ద్వారా కూడ ప్రధానముగా రాలేదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై డేటా ధర పడిపోయిన పిదప సెల్‌ఫోను ద్వారా వచ్చెను. 2018లో ఫోనునకు వచ్చిన ‘పబ్‌జీ’ ఆట చరిత్ర గమనింపదగినది: దాని రూపశిల్పి బ్రెండన్ గ్రీన్ ఐర్లండువాడు, కంపెనీ కొరియాది, ఫోను రూపమును తయారుచేసినది చైనా కంపెనీ. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము దానిని నిషేధించెను. 2021 జూలైలో కొరియా కంపెనీ భారతదేశము కొఱకు వేఱు రూపమును విడుదల చేసెను. అదియు 2022 జూలైలో తొలగింపబడి, 2023 మేలో తిరిగి వచ్చెను. అప్పుడు పదునెనిమిదేండ్ల లోపువారికి దినమునకు మూడు గంటలు, పెద్దలకు ఆఱు గంటలు పరిమితి విధింపబడెను.

పీసీ బాంగ్‌లో ఆడువానిని నలుగురు చూతురు. గంట గడచినచో డబ్బు గుర్తుచేయును. హాలులో ఆడువానిని తల్లి చూచును. దుప్పటి క్రింద ఫోనుతో ఆడువానిని ఎవరును చూడరు. మూడవ మార్గమునందలి ముఖ్యమైన చిక్కు ఇదియే.

నిద్ర ఋణము

గనులలో మూడు షిఫ్టులు నడచును. రాత్రి షిఫ్టు దిగివచ్చిన కార్మికుడు పగలు నిద్రించును. ఇంటిలో చప్పుడు చేయరాదని పిల్లలకును తెలియును. నిద్ర చాలనివాని చేయి తడబడుననియు, గనిలో ఆ తడబాటు ప్రాణాపాయమనియు యైటింక్లైను కాలనీలో ఎవరిని అడిగినను చెప్పుదురు. కాని రాత్రి యెల్ల ఆడిన విద్యార్థికి పగటి నిద్ర లేదు. ఉదయమే బడికి పోవలెను. కౌమారమున దినమునకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరము. తెర వెలుగు నిద్రను తెచ్చు మెలటోనిను అను రసము ఊరుటను తగ్గించును. ఆటలోని ఉద్రేకము నిద్రను మఱింత దూరము చేయును.

2005లో కొరియాలోని దేగు నగరమున ఒక యువకుడు పీసీ బాంగ్‌లో దాదాపు 50 గంటలు ఆడి గుండె ఆగి మరణించెను. 2011లో ఆ దేశము పదునాఱేండ్ల లోపువారు అర్ధరాత్రి నుండి ఉదయము ఆఱు వఱకు కంప్యూటరు ఆటలు ఆడరాదని శాసించెను. ఆటలు ఫోనులకు తరలుటచే ఆ శాసనము బలము తగ్గి, 2022 ఆరంభమున రద్దయ్యెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోనున్న తన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినది. ఎక్కువసేపు ఆడుట మాత్రమే వ్యాధి కాదు. ఆపుకొనలేకపోవుట, ఇతర పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కనబడుచున్నను విడువలేకపోవుట, ఇవి సాధారణముగా ఏడాది పాటు సాగుట దాని లక్షణములు.

డబ్బు పందెపు ఆటలు వేఱు. తెలంగాణ 2017లోనే వానిని నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసి, పోటీ క్రీడలుగా ఆడు ఇ-స్పోర్ట్స్‌ను మాత్రము గుర్తించెను.

కొరియా అనుభవమున గ్రహింపదగినవి రెండు. నలుగురి కన్నుల యెదుట, మిత్రుల మధ్య ఆడిన ఆట క్రీడగా ఎదిగెను. వేళాపాళా లేక ఆడిన ఆట ప్రాణము తీసెను. ఫోనును లాగికొనుటకంటె, ఆటను దుప్పటి క్రింది నుండి వెలుగులోనికి తెచ్చి, దానికి ఒక వేళను నియమించుట ఉపాధ్యాయులు, తలిదండ్రులు చేయదగిన పని.