ఏడడుగుల ఉద్యోగి

ఎర్రగడ్డ నుండి యూసఫ్‌గూడ ఇండోర్ స్టేడియము వైపు సాయంకాలమున బంతి చంకనిడుకొని నడచిపోవు పొడుగుపిల్లలను చూచి పెద్దలు తరచుగా వేయు ప్రశ్న ఒకటి కలదు: “ఈ ఆట కూడు పెడుతుందా?” ఆ ప్రశ్నకు తన జీవితముతోనే సమాధానము చెప్పిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు బాబ్ కర్లండ్.

1924లో సెయింట్ లూయిస్‌లో జన్మించిన ఇతడు ఏడడుగుల ఎత్తరి. అంతటి పొడవువాడు కాళ్లు తడబడి ఆటకు పనికిరాడని పలువురు తలచు ఆ రోజులలో, ఓక్లహోమా ఏ అండ్ ఎం కళాశాల శిక్షకుడు హెన్రీ ఐబా అతనిని ఓపికతో తీర్చిదిద్దెను. ప్రత్యర్థులు విసరిన బంతి రింగులోనికి దిగబోవు క్షణమున కర్లండ్ పైకెగసి దానిని చేతితో చరచివేయుచుండగా, ఇక గత్యంతరము లేక, అట్లు దిగివచ్చు బంతిని తాకరాదని 1944లో కళాశాలల క్రీడాధికారులు నియమమునే మార్చిరి. డిపాల్ విశ్వవిద్యాలయపు జార్జ్ మైకన్ కూడ ఆ మార్పునకు కారకుడే. ప్రధానాయుధము చేజారినను కర్లండ్ క్రుంగలేదు. 1945లో న్యూయార్క్ విశ్వవిద్యాలయమును 49–45తోను, 1946లో నార్త్ కరోలినాను 43–40తోను ఓడించి అతని జట్టు వరుసగా జాతీయ విజేతయయ్యెను. రెండు మారులును శ్రేష్ఠ క్రీడాకారుడుగా ఎన్నికైనది అతడే. పతకములన్నిటికంటె నాకు ఈ ఘట్టమే ఘనమైనదిగా తోచును.

పిమ్మట మైకన్ డబ్బు కొరకు ఆడు లీగులలో చేరి జగద్విఖ్యాతుడయ్యెను. కర్లండ్ ఆ పిలుపును కాదని, బార్ట్‌ల్స్‌విల్‌లోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో ఉద్యోగియై, పగలు కార్యాలయపు పనియు, తక్కిన వేళ ఆ కంపెనీ జట్టు ‘సిక్స్‌టీ సిక్సర్స్’లో ఆటయు సాగించెను. జీతము ఉద్యోగమునకే గాని ఆటకు గాదు గనుక అతడు అమెచ్యూరుగానే నిలిచెను. వృత్తిక్రీడాకారులకు ఆనాడు ఒలింపిక్స్‌లో ప్రవేశము లేదు. ఆ విధముగా 1948లో లండన్‌లోను, 1952లో హెల్సింకీలోను స్వర్ణములు గెలుచుకొని, ఆట విరమించి, అదే కంపెనీలో దశాబ్దములు పనిచేసెను. వాహనదారులు తామే పెట్రోలు నింపుకొను బంకుల వ్యాప్తిలోను అతనికి పాత్ర కలదు. 2013లో, 88వ యేట కన్నుమూసెను.

ఈ ఏర్పాటు మన నగరమునకు క్రొత్తది గాదు. పోలీసుశాఖలో కొలువుచేయుచు ఫుట్‌బాల్ ఆడిన హైదరాబాదు యువకులు, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిరి. అదే రహీం శిక్షణలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు నాలుగవ స్థానము పొందెను. నెల తిరుగగనే చేతికందు జీతమే వారిని మైదానమున నిశ్చింతగా నిలిపినదని నా దృఢవిశ్వాసము.

కావున బ్యాంకులు, రైల్వేలు, ప్రభుత్వ కార్యాలయముల అధిపతులకు నా విన్నపము: క్రీడాకోటా ఖాళీలను ఏండ్లతరబడి అట్లే వదలక, ఏటేట నింపుడు, ఎర్రగడ్డ పిల్లవాడు ఇరువదియవ యేట బంతిని అటకమీద పెట్టవలసిన అగత్యము కలుగనీయకుడు.