అమ్మాయి ఊరికి ఎన్ని గంటల ప్రయాణం?

పురుడు పోయడానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్నారా? పచ్చళ్ళూ, పొడులూ సిద్ధమయ్యే ఉంటాయి. ఇక ఆ టికెట్టు ఒకసారి చేతిలోకి తీసుకోండి. జనవరిలో ఒక మంగళవారం ఉదయం 10 గంటలకు హైదరాబాదులో విమానం ఎక్కి, అదే మంగళవారం రాత్రి 8.30కి అక్కడ దిగుతారని ఉందనుకుందాం. "ఓస్, పదిన్నర గంటలేగా! తిరుపతి రైల్లో కూర్చున్నంత సేపు" అనిపిస్తుంది.

కాదండీ. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. వేసవిలో వాళ్ళు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు కనుక పన్నెండున్నర. ఇప్పుడు ఆ పదిన్నరకు పదమూడున్నర కలపండి. అక్షరాలా 24 గంటలు!

నిజానికి రెండు ఊళ్ళ మధ్య తిన్నగా వెళితే దూరం దాదాపు 13,500 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన 15 గంటలు చాలు. కానీ దుబాయ్ మీదుగా వెళ్ళారనుకోండి, అక్కడికి 2,550 కిలోమీటర్లు, సుమారు 4 గంటలు. అక్కడినుంచి 13,000 కిలోమీటర్లు, ఇంచుమించు 16 గంటలు. మధ్యలో దుబాయ్‌లో పడిగాపులు.

దుబాయ్ నుంచి విమానం ఉత్తరానికి ఎందుకు పోతుందో చూడాలంటే ఒక గుమ్మడికాయ తీసుకోండి. ఎదురెదురు వైపుల రెండు బొట్లు పెట్టి, వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం తొడిమ పక్కగా పోతుంది. అదే దగ్గరి దారి! ఆ తొడిమే ఉత్తర ధ్రువం. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎయిరిండియా విమానాన్ని ఆ ధ్రువం మీదుగానే, సుమారు 17 గంటల్లో తెచ్చారు. కాక్‌పిట్‌లో నలుగురూ ఆడవాళ్ళే. మనకి గర్వంగా లేదూ?

ఇప్పుడు అసలు సంగతి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు శనివారమే బయలుదేరితే, ఆ శనివారం ముప్ఫయ్యేడున్నర గంటలు సాగుతుంది! షుగరు ఉన్నవాళ్ళు అంతసేపు పస్తుంటే ప్రమాదం. ఆ వారానికి స్వామి ఏమీ అనుకోడు లెండి.

మాత్రలూ, ఇన్సులినూ తేదీ చూసి కాదు, గంటలు చూసి వేసుకోవాలి. మీ డాక్టరుగారికి టికెట్టు చూపించి, ఏ గంటకు ఏది వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. విమానం దిగేదాకా ఒక వాచీలో మన టైమే ఉంచండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

మందులూ, డాక్టరుగారి చీటీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె మళ్ళీ అక్కడ దిగాకే మీ చేతికొచ్చేది. ఆవకాయ మాత్రం ఆ పెట్టెలోనే సర్దండి. నూనె కారే పచ్చడిని చేతిసంచిలో పోనివ్వరు.