ఒక బిడ్డ, మూడు పద్దులు

మన కథల్లో ఆసుపత్రి ఉంది, బడి ఉంది, సంక్షేమ హాస్టలు ఉంది. కాని ఈ మూడింటికీ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్న కథావస్తువు కావడం అరుదు. అది గుమాస్తాల వ్యవహారమని మనం అనుకోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. నిజానికి అది శ్రమకు సంబంధించిన ప్రశ్న.

చిత్తూరు ప్రాంతంలో ఏ పల్లె అంగన్‌వాడీని చూసినా ఇది బోధపడుతుంది. తల్లి మామిడి తోటకో, గుజ్జు ఫ్యాక్టరీకో, కుప్పం వైపైతే రైలెక్కి బెంగుళూరుకో కూలికి పోతుంది. బిడ్డ అంగన్‌వాడీలో ఉంటుంది. ఆ బిడ్డ ఆకలి, జ్వరం, చదువు విడివిడిగా ఉండవు. పద్దులు మాత్రం విడివిడిగానే ఉంటాయి.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరు సేవలను ఒకచోటికి తెచ్చింది: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడికి ముందటి చదువు. వీటిలో టీకాలు, పరీక్షలు, ఆసుపత్రికి పంపడం వైద్యశాఖ సిబ్బంది ద్వారా జరగాలి. మొదట ఆహారం ఖర్చు రాష్ట్రానిది, నిర్వహణ ఖర్చు కేంద్ర ప్రభుత్వానిది. 2005-06 నుంచి ఆహారం ఖర్చులో కేంద్రమూ పాలు పంచుకుంది. 2009-10 నుంచి నిర్వహణలో రాష్ట్రానికీ వాటా పడింది. 2020 జాతీయ విద్యావిధానం పసిపిల్లల చదువుకు విద్య, స్త్రీ శిశు, ఆరోగ్య, గిరిజన మంత్రిత్వశాఖలు నాలుగూ కలిసి ప్రణాళిక వేయాలంది.

ఈ కలయిక అవసరమైనదే. బరువు తగ్గిన బిడ్డను కార్యకర్త గుర్తించి, ఎ.ఎన్.ఎం. చూస్తేనే తిరుపతి రుయా ఆసుపత్రి దాకా దారి పడుతుంది. ఏ ఒక్క శాఖా ఒంటరిగా ఈ పని చెయ్యలేదు.

అయితే శాఖలు కాగితం మీద కలిసినంత మాత్రాన డబ్బు కలవదు. ప్రతి పద్దుకూ దాని లెక్క వేరు, తనిఖీ వేరు. ఒక పద్దులో మిగిలిన రూపాయి, పైవారి అనుమతి లేనిదే మరో పద్దులోని లోటు తీర్చదు. మరి పల్లెలో వీటిని కలిపేదెవరు? వండించి పెట్టి, పాట నేర్పి, బరువు తూచి, టీకా రోజున తల్లుల్ని పిలుచుకొచ్చి, రిజిస్టర్లన్నీ నింపే అంగన్‌వాడీ కార్యకర్త. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. శాఖల సమన్వయానికి అసలు నిధి ఆమె శ్రమే. ఏ బడ్జెట్టూ దాన్ని ఆ పేరుతో చూపదు.

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో వారు వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోరుతూ సమ్మెకు దిగారు. 42 రోజులు సాగిన ఆ సమ్మెపై ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఇందులోని వైరుధ్యాన్ని గమనించాలి: వేతనం అడిగినప్పుడు వారిది గౌరవ సేవ, పని ఆపినప్పుడు అత్యవసర సేవ!

రచయితలు పట్టుకోవలసింది ఈ వైరుధ్యాన్నే. ఆమెను త్యాగమూర్తిగా చిత్రిస్తే బడ్జెట్టు దాచిన లోటును మన సాహిత్యమూ దాచినట్టవుతుంది. ఆమె చేతిలో ఎన్ని రిజిస్టర్లున్నాయి, ఏది ఎవరి కోసం రాస్తోంది, ఆ రాతకు కూలి ఎవరివ్వాలి అని అడిగే కథ రావాలి.