పక్కవారి తీర్పు మనకు పనికొస్తుందా?

“మావారితో పాటు పనిచేసే ఆయన్ని కూడా ఇలాగే తీసేశారండీ. కోర్టు ఆయనకి ఉద్యోగం తిరిగి ఇప్పించింది. ఆ తీర్పు చూపిస్తే మావారినీ చేర్చుకోవాలి కదా?” ఉద్యోగం పోయిన ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ఇది. దీనికి సమాధానం అవుననీ చెప్పాలి, కాదనీ చెప్పాలి.

తీర్పులో రెండు సంగతులుంటాయి. ఒకటి, ఆ మనిషికి ఏమివ్వాలన్న ఆజ్ఞ. రెండోది, అందుకు ఆధారమైన న్యాయసూత్రం. ఆజ్ఞ కేసు నడిపిన ఇద్దరి మధ్యనే. రామారావుగారిని చేర్చుకోమన్న కాగితం పట్టుకుని సుబ్బారావుగారు ఫ్యాక్టరీకి వెళితే గేటు తియ్యరు. సూత్రం అలా కాదు. సుప్రీంకోర్టు చెప్పిన సూత్రానికి దేశంలోని కోర్టులన్నీ కట్టుబడాలని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతోంది. హైకోర్టు చెప్పినది ఆ రాష్ట్రంలోని లేబర్ కోర్టులు పాటించాలి. పొరుగు రాష్ట్రపు హైకోర్టు మాటను గౌరవంగా వింటారు గాని, పాటించి తీరాలని లేదు.

మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కేసే చూడండి. ఉద్యోగిమీద ఎంక్వయిరీ జరిపిన అధికారి నివేదిక రాస్తాడు. దాని కాపీ ఉద్యోగికి ఇవ్వకుండానే శిక్ష వేయవచ్చా? కూడదని 1990 నవంబరు 20న సుప్రీంకోర్టు వేరొక కేసులో చెప్పింది. మరి అంతకు ముందే కాపీ లేకుండా ఉద్యోగాలు పోయినవారి గతేమిటి? 1993లో అయిదుగురు న్యాయమూర్తులు కూర్చుని ఇ.సి.ఐ.ఎల్. కేసులో దాన్ని తేల్చారు. సర్కారు ఆఫీసైనా, ప్రైవేటు కంపెనీ అయినా సూత్రం అందరికీ ఒకటే; కాని ఆ తేదీ తరవాత వేసిన శిక్షలకే వర్తిస్తుంది. ఒక్కరోజు ముందు ఉద్యోగం పోయినవాడు చేసిన పాపమేమిటని నాకనిపిస్తుంది. పాతవన్నీ తిరగతోడితే పరిపాలన అస్తవ్యస్తమవుతుందని కోర్టువారి ఉద్దేశం. ఇంకొక మెలిక కూడా ఉంది. కాపీ ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. ఇవ్వకపోవడం వల్ల తనకు నష్టం జరిగిందని ఉద్యోగి చూపించాలి.

సూత్రం ఎప్పుడూ మనవైపే ఉంటుందనుకోకండి. టిక్కెట్టు డబ్బులు తీసుకుని టిక్కెట్లివ్వలేదని హర్యానాలో ఒక బస్సు కండక్టరును తీసేశారు. ఆ ప్రయాణికులను ఎంక్వయిరీకి పిలవనే లేదు. అయినా ఫరవాలేదు, ఇలాంటి ఎంక్వయిరీలకు కోర్టులో ఉండేటంత కచ్చితమైన సాక్ష్యం అక్కరలేదని 1977లో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాట ఆ కండక్టరుతో ఆగలేదు.

ఆడవాళ్ళకు మేలు చేసిన తీర్పూ ఒకటుంది. ఎయిరిండియా విమానాల్లో పనిచేసే హోస్టెస్‌కు మొదటిసారి కడుపు వస్తే చాలు, ఉద్యోగం పోయేది. 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధననే కొట్టేసింది. కేసు వేసినవారు కొందరే అయినా, నిబంధనే పోయాక ఇక ఆ పేరుతో ఎవరినీ ఇంటికి పంపే వీలు లేకపోయింది. (చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోరాదన్న నిబంధనను మాత్రం అదే తీర్పు సమర్థించింది!)

కాబట్టి మీవారిని తీసేసిన కారణం అందరికీ వర్తించే నిబంధనా, లేక ఆయన ఒక్కరిమీద మోపిన నేరమా అన్నది ముందు చూసుకోండి. నిబంధన అయితే పాత తీర్పు బలంగా పనిచేస్తుంది. విడి నేరమైతే ఆయన సాక్ష్యం ఆయన చూపించుకోవలసిందే. యూనియన్ నడిపిన తగాదాలో వచ్చిన అవార్డు సంగతి వేరు. అది సభ్యులు కానివారికీ, తరవాత చేరిన కార్మికులకీ కూడా వర్తిస్తుంది. 1947 చట్టంలోని ఈ ఏర్పాటు, 2025 నవంబరులో అమలుకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

అయితే పక్కాయన గెలిచాక చూద్దాంలే అని గోడమీద పిల్లిలా కూర్చుంటే మాత్రం నష్టమే. ఒకే పరిస్థితిలో ఉన్న ఉద్యోగులందరికీ ఒకే మేలు జరగాలనీ, కాని ఊరుకుని కూర్చుని ఇతరులు గెలిచాక లేచి వచ్చినవారికి ఆ హక్కు లేదనీ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరినీ ఉద్దేశించి ఇచ్చిన తీర్పయితేనే మినహాయింపు. పైగా ఉద్యోగంలోంచి తీసేసిన కార్మికుడు ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ఇదివరకు మూడేళ్ళ గడువుండేది, కొత్త కోడ్‌లో రెండేళ్ళే.

పాత తీర్పు నకలు తెచ్చుకుని, మీవారికిచ్చిన ఆర్డరు పక్కన పెట్టి ప్లీడరుగారికి చూపించండి. ఫీజు భారమనుకుంటే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం ఉంది. ఉద్యోగం పోయినది మీదే అయితే, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ప్లీడరును పెడతారు.