వెన్న ఎక్కడ పుడుతుంది?

పిల్లలూ, నల్లమల అంచున ఉన్న మా ఆత్మకూరులో ఎనుమును పితికేటప్పుడు రెండు గ్లాసులు పట్టుకుని నిలబడండి. మొదటి ధారలు ఒకదానిలోనూ, ఆఖరి ధారలు రెండోదానిలోనూ పట్టించి, కాచి చల్లార్చండి. రెండోదానిమీదనే మీగడ మందంగా కడుతుంది. నీళ్లు కలిపారని ఎవరినైనా అనుమానించేముందు ఈ సంగతి తెలియాలి.

ఎనుము తిన్న జొన్నచొప్ప దాని పెద్ద కడుపులో సూక్ష్మజీవుల వల్ల పులిసి, ఎసిటికామ్లం పుడుతుంది. అంటే వినెగర్‌లోని పులుపే! అది నెత్తురులో కలిసి పొదుగు చేరుతుంది. పొదుగులోని జీవకణాలు దానితో కొంత కొవ్వు తయారుచేస్తాయి. మిగతాది నెత్తురులోని కొవ్వునుంచే తీసుకుంటాయి. ఆ కొవ్వు సన్నని బొట్లుగా కణం అంచుకు వచ్చి, కణపు పొరనే చొక్కాలా చుట్టుకుని పాలలోకి జారుతుంది. చొక్కా ఉన్నంతసేపూ బొట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. కవ్వం తిప్పితే చొక్కాలు చినిగి, బొట్లు ముద్దకట్టి వెన్న అవుతుంది.

ఆవుపాలలో నూటికి సుమారు 4 పాళ్లు, ఎనుముపాలలో 7 పాళ్లు కొవ్వు ఉంటుంది. ఉత్తర సముద్రాల మంచుమీద ఈనే హుడెడ్ సీల్ పాలలోనైతే 60 పాళ్లు! దాని పిల్ల పాలు తాగేది 4 రోజులే మరి.

పొదుగు లోపలి సన్నగొట్టాలలో కొవ్వుబొట్లు వెనకబడతాయి, అందుకే ఆఖరున వస్తాయి. పాలకేంద్రంలో ధర కట్టేది వెన్నను చూసి. కనుక ఇంటివారు చివరిచుక్కదాకా పిండాలనుకుంటారు. పక్కనే గుంజకు కట్టిన దూడ కూడా ఆ పాలకోసమే మెడ చాపుతూ ఉంటుంది.