మీకు తెలుసా? పోతూ పోతూ మ్యూజియానికి రాసిచ్చారు

• వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియాల సంస్థ పుట్టడానికి ఆస్తి రాసిచ్చిన జేమ్స్ స్మిత్సన్, బతికుండగా అమెరికాలో అడుగే పెట్టలేదు. ఆయన ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. 1826లో వీలునామా రాస్తూ ఆస్తిని తమ్ముడి కొడుక్కి ఇచ్చి, అతను సంతానం లేకుండా పోతే అమెరికాకు చెందాలన్నాడు. స్మిత్సన్ 1829లో పోయాడు. 1835లో ఆ కుర్రాడూ పోయాడు, పెళ్లి కాకుండానే. అమెరికా లండన్ కోర్టుకెక్కి గెలిచి, 1838లో 105 సంచుల బంగారు నాణేలు ఓడలో తెచ్చుకుంది. లెక్కపెడితే 1,04,960 సావరిన్లు! వాటిని కరిగిస్తే 5 లక్షల డాలర్ల పైచిలుకు తేలింది. ఆ డబ్బులో చాలా భాగం అర్కన్సా రాష్ట్ర బాండ్లలో పెడితే, ఆ రాష్ట్రం కాస్తా ఎగ్గొట్టింది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ వెంటపడకపోతే దాత సొమ్ము నీళ్లపాలయ్యేదే. చివరికి 1846లో సంస్థ పుట్టింది. స్మిత్సన్ అమెరికా చేరింది మాత్రం 1904లో, అస్థికలుగా. ఇటలీ నుంచి వాటిని తెచ్చింది టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్.

• ఎడిన్‌బరోలోని ఒక చిత్రశాలలో, చిత్రకారుడు టర్నర్ గీసిన 38 నీటిరంగుల చిత్రాలను ఏటా జనవరిలోనే చూపిస్తారు, అదీ ఉచితంగా. 1899లో పోయిన దాత హెన్రీ వాన్ వీలునామాలో పెట్టిన షరతు అది. అక్కడ జనవరి వెలుతురు పలచన, రంగులు వెలిసిపోవు. కిటికీకి ఎదురుగా వేలాడి వెలిసిపోయిన తాతగారి ఫొటో ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త విలువ ఇట్టే తెలుస్తుంది.

• బోస్టన్‌లో ఇసబెల్లా గార్డ్‌నర్ తన మ్యూజియంలో ఏ వస్తువునూ ఉన్నచోటు నుంచి మార్చకూడదని వీలునామాలో రాసి 1924లో కన్నుమూసింది. 1990లో పోలీసు వేషాల్లో వచ్చిన దొంగలు 13 కళాఖండాలు ఎత్తుకుపోయారు. రెంబ్రాంట్ చిత్రం కోసుకుపోగా మిగిలిన ఫ్రేము, వెనక పట్టుగుడ్డ కప్పిన గోడ కనబడుతూ, నేటికీ ఖాళీగా వేలాడుతోంది.

• ఇలా రాసివ్వాలంటే, మన దేశంలో హిందువులు రాసే వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. క్రైస్తవులకు ఒకప్పుడు ఇంకో మెలిక ఉండేది: దగ్గరి బంధువులుంటే, చావుకు కనీసం 12 నెలల ముందు రాయని ధర్మదానం చెల్లేది కాదు. చావు తేదీ ఎవరికి తెలుసని! 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

• ఇంతకీ మన సాలార్‌జంగ్ మ్యూజియం వీలునామాతో వచ్చింది కాదు. మూడో సాలార్‌జంగ్ 1949లో పోయేనాటికి ఆయనకు భార్యాబిడ్డలు లేరు. వారసులమంటూ వచ్చినవాళ్లు కోర్టులో రాజీపడ్డాకే మ్యూజియం వస్తువులన్నీ ప్రభుత్వపరమయ్యాయి.