గుడిస గడ్డిపై చక్రాల గీతలు

మారేడుమిల్లి: గోల్ఫ్ ఆటను కళ్లారా చూసినవారు మన పల్లెల్లో తక్కువ. గడ్డి మైదానంలో పొడవాటి కర్రతో చిన్న తెల్ల బంతిని కొట్టుకుంటూ పోయి, నాలుగుంబావు అంగుళాల గుంటలో పడేయాలి. ఇలాంటివి 18 గుంటలు. ఆట పెరిగింది స్కాట్లండులో. అక్కడి కలవారు సెలవులకు కొండవాలు పల్లెల్లోని హోటళ్లలో దిగి పగలంతా ఆడతారు. దొరల వెంట అది మన దేశానికీ వచ్చింది. ఊటీలోనూ, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి.

ఆ గడ్డిని నీరు పెట్టి, రోజూ కత్తిరించి పెంచుతారు. ఎవరూ నీరు పెట్టని, ఎవరూ కత్తిరించని గడ్డికొండ మనకూ ఒకటుంది. అదే గుడిస.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 85 కిలోమీటర్లు ఉంటుంది. 2022లో తూర్పుగోదావరి జిల్లా నుంచి విడిపోయినా, మైదానం వారికి ఇప్పటికీ దారి ఇదే. భద్రాచలం బస్సులు ఇటుగానే వెళతాయి. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా గుడిసకు మరో 40 కిలోమీటర్లు. ఆ దారికి జీపే దిక్కు. సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలి. చలికాలం పొద్దున్నే పైకి చేరితే మేఘాలు కాళ్ల కింద పాలకడలిలా పరుచుకుని ఉంటాయి. వేసవిలో వెళ్లినవారికి మాత్రం ఎండుగడ్డే మిగులుతుంది.

బసకు మారేడుమిల్లిలో అటవీ శాఖ వారి వనవిహారి, వలమూరు దగ్గర వాగు ఒడ్డున జంగిల్ స్టార్ విడిది ఉన్నాయి. వాలి సుగ్రీవులు పోరాడింది ఇక్కడేనని చెప్పుకుంటారు. ఈ విడుదులు స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో మొదలయ్యాయి. రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్మకాలు సరేసరి. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క పడదు. బొంగు ఒక్కసారికే పనికొస్తుంది.

ఇక్కడ మైదానం వారు స్థలం కొని హోటల్ కట్టడానికి వీల్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరూ అనేది దీన్నే. ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం కూడా చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బినామీ బేరాల ఆరోపణలు వినిపిస్తూనే ఉన్నా, యాత్రికుల డబ్బులో కొంతయినా కొండరెడ్ల గూడేలకు చేరుతున్నదంటే ఈ చట్టం చలవే.

కాని గడ్డికి చట్టం తెలియదు. 2021లో వచ్చిన పుష్ప సినిమా చిత్రీకరణలో ఎక్కువ భాగం ఈ అడవుల్లోనే జరిగింది. దాంతో మారేడుమిల్లి పేరు మరింత మార్మోగింది. సెలవు రోజుల్లో బళ్లు బారులు తీరుతున్నాయి. కొందరు దారి వదిలి ఫొటోల కోసం గడ్డి మీదికే వాహనాలు ఎక్కిస్తారు. మన వరిచేలో ఎవరైనా బండి తోలితే ఊరుకుంటామా? చక్రం నలిపిన చోట వేరు చస్తుంది. వాన పడితే అదే గాడిలో మట్టి కోసుకుపోతుంది. ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ పొట్లాలు వాలులో దొర్లి వాగుల్లోకి చేరతాయి. కింద గూడేల పశువులు తాగేది ఆ నీళ్లే.

గోల్ఫ్ మైదానంలో గడ్డి పెళ్ల లేస్తే ఆడినవాడే దాన్ని తిరిగి అతికించాలట. గుడిసలో ఆ పని చేసేవారు లేరు. వెళ్లేవారు జీపును దారిలోనే ఆపించి పైకి నడిస్తే సరిపోతుంది. ఖాళీ సీసా వేసుకోవడానికి ఇంటి నుంచి ఒక గుడ్డసంచీ, చలికి దుప్పటీ మరవొద్దు.